నడిపి ఇంటి దర్వాజ

ఈ వయసులో ఇల్లేమిటని అడగని పాపాన ఎవరూ పోలేదు. మా ఆడపడుచు పనిగట్టుకుని ఫోన్ చేసింది. బ్యాంకులో నాతో పాటు పనిచేసి రిటైరైన స్నేహితురాలైతే, మోకాళ్ళ ఆపరేషన్ పెట్టుకుని మేడమెట్లున్న ఇల్లు కొంటావా, నీకేమైనా మతి పోయిందా అని కేకలేసింది. తలా ఒక జవాబు చెప్పి చెప్పి అలిసిపోయాను. బడంగ్‌పేట్‌లో ట్రాఫిక్ భరించలేకపోతున్నామని ఒకరికి, అపార్ట్‌మెంట్‌లో గాలి ఆడదని ఇంకొకరికి, మావారికి నాలుగు పూలమొక్కలు వేసుకోవాలని ఉందని మరొకరికి చెప్పాను. ఇవేవీ అబద్ధాలు కావు. అయితే అసలు సంగతి ఇందులో ఏదీ కాదు. ఇల్లు శంషాబాద్ దాటాక, షాద్‌నగర్ వైపు వెళ్తూ హైవే మీద నుంచి లోపలికి తిరిగే రోడ్డు చివర, ఓ చిన్న పల్లెటూరిని ఆనుకుని ఉంది. ఒకే వరసలో కట్టిన ఇళ్ళు, ఒకదాని గోడే పక్కదానికీ గోడ. వీటిని రో హౌసులంటున్నారు. నెత్తిమీద విమానం పోతే తప్ప అక్కడ చప్పుడే లేదు. చూపించడానికి వచ్చిన ఏజెంటు మధ్యగోడ మీద చేత్తో తట్టి, పక్కింటోళ్ళు ఏం మాట్లాడినా మీకు వినబడదు మేడమ్ అని గొప్పగా చెప్పాడు. నాకు నవ్వూ రాలేదు, ఏడుపూ రాలేదు. చిన్నప్పుడు ఇక్కడికి ఎంతో దూరం లేని ఊళ్ళో, ఇలాంటి వరస ఇంట్లోనే పెరిగానని అతనికి చెప్పడానికి ఓపిక లేక ఊరుకున్నాను.

అప్పట్లో మా నాన్న సిటీలో ఒక పంపుల కంపెనీలో స్టోర్స్ చూసేవారు. మాది తెనాలి దగ్గర. ఉద్యోగం కోసం వచ్చినవాళ్ళం కాబట్టి కిరాయి ఇళ్ళ బతుకే. ఒక ఇంటావిడ మా అమ్మ ఆవకాయ కలిపితే ఘాటు పడదని సణిగేది. ఇంకొకాయన సాయంత్రమయ్యేసరికి నీళ్ళు కట్టేసేవాడు. నాన్నకు ఇలా మాట పడటం చచ్చినా ఇష్టం ఉండేది కాదు. కంపెనీలో తనతో పనిచేసే ఒకాయన, శంషాబాద్ పక్కన తమ ఊళ్ళో ఒక ఇల్లు అమ్ముతున్నారు, ఊరు నిమ్మళంగా ఉంటుంది, బస్సు దొరుకుతుంది అని చెప్పగానే, ఆదివారం పూట వెళ్ళి చూసి, ప్రావిడెంట్ ఫండ్ తీసి కొనేశారు. అమ్మను ముందుగా తీసుకెళ్ళి చూపించలేదు. ఏం చూసి కొన్నారండీ అని అమ్మ అడిగితే, తలుపు చూసి కొన్నాను అన్నారు. ఆ మాట మా ఇంట్లో చాలాకాలం నడిచింది. కూర మాడినా, వాన కురిసినా, తలుపు చూసి కొన్నారుగా అనేది అమ్మ.

నిజానికి ఆ తలుపు చూడదగ్గదే. అక్కడివాళ్ళు దర్వాజ అనేవారు. నిలువెత్తు టేకు చట్రం, పైన చెక్కిన చిలకలు, పసుపు రాసి రాసి నున్నబడిన గడప, రెండు బరువైన రెక్కలు. కుడివైపు రెక్క తెరిచి వదిలేస్తే దానంతటదే వచ్చి మూసుకునేది. అందుకని నాన్న దానికి అడ్డంగా ఒక రాయి పెట్టేవారు. దర్వాజ తప్పిస్తే మిగతా ఇల్లంతా సాదాసీదాయే. మట్టిగోడలు, గూన పెంకులు, కింద షాబాదు బండలు, ముందు ఒక గది, వెనక వంటిల్లు, పెరట్లో చేదబావి. మొదట్లో అది ముగ్గురు అన్నదమ్ముల తండ్రి కట్టిన ఒకే పెద్ద ఇల్లు. ఆయన పోయాక మూడు వాటాలైంది. ఉత్తరం వైపుది పెద్దకొడుకు మల్లయ్యది. దక్షిణం వైపుది చిన్నవాడిది, తాళం వేసి ఉండేది. మధ్యది నడిపివాడి వాటా. ఆ ప్రాంతంలో నడుమ పుట్టినవాణ్ణి అలాగే పిలుస్తారు. అతను షాద్‌నగర్‌లో సైకిళ్ళ దుకాణం పెట్టుకోవడానికి తన వాటా మాకు అమ్మి వెళ్ళిపోయాడు. అలా ఊరందరికీ మాది నడిపి ఇల్లయింది. ఇల్లు వాటాలు వేసినప్పుడు తల్లి ఎవరి వాటాలోకి వస్తుందో మాత్రం ఎవరూ సరిగ్గా తేల్చుకున్నట్టు లేదు.

మల్లయ్యవాళ్ళ వంటింటికీ మా వంటింటికీ నడుమ గోడలో ఇంకో తలుపుండేది. అది ఒకే ఇల్లుగా ఉన్ననాటి తలుపు. రేపో మాపో మేస్త్రీ వచ్చి ఇటుకలు పెట్టి మూసేస్తాడని నాన్న ముందే చెప్పారు, ఇటుకలు కూడా దింపించారు. మేము చేరింది శుక్రవారం. పాలు పొంగించే ముందు గడపలకు పసుపు రాయాలి కదా. అమ్మ పసుపు గిన్నె పట్టుకుని ముందు దర్వాజ గడపకు, పెరటి గడపకు, వంటింటి గడపకు రాసి బొట్లు పెట్టుకుంటూ, చేతి వాటాన ఆ మధ్య తలుపు గడపకు కూడా రాసేసింది. తను చేసిన పని తనకే తెలియదు. సాయంత్రం మల్లయ్య భార్య నర్సమ్మ చల్లముంతతో తలుపు తీసి వచ్చి, కింద పసుపు చూసి ఆగిపోయింది. తెల్లారి చూస్తే మా బొట్ల పక్కనే అటువైపు నుంచి ఆమె పెట్టిన బొట్లు కనిపించాయి.

సోమవారం మేస్త్రీ వచ్చాడు. గుమ్మం ముందు గొంతుక్కూర్చుని, గడపను చూసి, తాపీ పక్కన పెట్టేశాడు. "పసుపు వెట్టిన కడప మీద ఇటుక వెట్ట సారూ. నా చెయ్యి రాదు" అన్నాడు. నాన్న అతనికి నచ్చజెప్పాలని చూశారు. మేము పొరపాటున రాశామన్నారు, కావాలంటే కడిగించి ఇస్తామన్నారు. అతను అమ్మ వంక చూశాడు. అమ్మ కడగనంది. ముత్తయిదువ తన చేత్తో రాసిన పసుపు తన చేత్తోనే కడుగుతుందా, ఇంకేమైనా ఉందా అని వంటింట్లోకి వెళ్ళిపోయింది. తలుపు మూయించాలని అందరికన్నా ఎక్కువ పట్టుబట్టింది అమ్మే. మేస్త్రీ టీ తాగి వెళ్ళిపోయాడు. ఆ ఇటుకలతో నాన్న పెరట్లో బావి చుట్టూ గట్టు కట్టించారు. మధ్య తలుపు అలాగే మిగిలింది. ఊళ్ళో మాత్రం, ఆంధ్రోళ్ళు మంచోళ్ళు, తొవ్వ మూయలేదు అని చెప్పుకున్నారట.

మంచితనమేమిటి నా మొహం, అమ్మకు ఒళ్ళు మండిపోయేది. ఎందుకంటే ఆ తొవ్వలో రోజూ పొద్దున్నే మల్లయ్య తల్లి వచ్చేది. ఊరంతా ఆమెను అవ్వ అనేవారు. నేనూ అవ్వ అనేదాన్ని. అమ్మ మాత్రం మామ్మగారూ అనేది. అవ్వకు చూపు దాదాపు పోయింది. ఎడంచెయ్యి గోడ మీద పెట్టుకుని, పెద్దకొడుకు వంటింట్లోంచి బయల్దేరి, మధ్య గడప దాటి, మా పొయ్యి పక్కనుంచి, ముందుగదిలోకి వచ్చి, దర్వాజ దగ్గర ఆగేది. చట్రాన్ని కింది నుంచి పైదాకా ఒకసారి తడిమి, గడప మీద కూర్చునేది. కాపురానికి వచ్చిన నాటి నుంచీ ఆమె కూర్చునే చోటు అదేనట. మేము దుప్పట్లలో ఉన్నామా, అమ్మ జడ విప్పుకుని ఉందా, నాన్న బనీనుతో ఉన్నారా ఆమెకు పట్టదు. మొదటిరోజు పొగచుట్ట వాసన వేసి కళ్ళు తెరిస్తే నెత్తిన ఎవరో నిలబడ్డారని నేను గావుకేక పెట్టాను. అవ్వ ఏమాత్రం తొణకకుండా, "నడిపి కోడలా, పిల్ల కలవరిస్తుంది సూడు" అంది.

నడిపి కోడలా అన్న ఆ పిలుపుకు అమ్మ భగ్గుమనేది. కొన్నాళ్ళు ఓర్చుకుని ఒకరోజు మర్యాదగానే చెప్పింది, మామ్మగారూ, నేను మీ కోడల్ని కాదండీ, మేము ఈ ఇల్లు కొనుక్కున్నామండీ అని. పెద్దావిడకు మతిమరుపేమో అనుకుంది పాపం. అవ్వ చుట్ట పక్కకు తీసి చెప్పిన జవాబు నాకు ఇప్పటికీ చెవుల్లో ఉంది. "ఎరుకే బిడ్డా. నా కండ్లు పోయినయ్ గని మతి పోలే. ఇల్లు నీది. ఇంట్ల ఉన్నదానివి నువ్వు. ఇగ కోడలు ఎవరైతరు?" అమ్మ లోపలికొచ్చి గిన్నెలు గట్టిగా చప్పుడు చేసింది.

అవ్వ అడిగేది ఒకటే ఒకటి. అడగటం కూడా కాదు, చెప్పుకునేది. రోజూ దర్వాజను తడిమేటప్పుడు, వినేవాళ్ళున్నా లేకున్నా అదే మాట. "నన్ను ఈ దర్వాజల నుంచి లోపటికి తోల్కచ్చిన్రు. ఈ దర్వాజల నుంచే బయటికి కొంచపోవాలె." మాకు మొదట అర్థం కాలేదు. నర్సమ్మ సిగ్గుపడుతూ అమ్మకు చెప్పింది, ముసల్దానికి చావు గురించి యావ, పట్టించుకోకు అని. పెళ్ళికూతురుగా వచ్చిన ద్వారం నుంచే తన శవం కూడా వెళ్ళాలని అవ్వ కోరిక. ఆ ద్వారం ఇప్పుడు మాది. సంగతి విన్న నాన్న ముఖంలో రంగు మారింది. కొత్తగా కొనుక్కున్న ఇంట్లోంచి ఎవరిదో శవం వెళ్ళడమా. మా వైపు నక్షత్రం చూస్తారు. చెడు నక్షత్రంలో ప్రాణం పోతే ఆ ఇల్లు నెలల తరబడి మూసేసి ఎక్కడికైనా పోవాలంటారు. కిరాయి ఇల్లు వదిలేసి వచ్చినవాళ్ళం, ఎక్కడికి పోతాం అని నాన్న భయం. ఆ రోజు నుంచీ ఆయన అవ్వ ఎదురుపడితే తప్పుకుని పెరట్లోకి వెళ్ళిపోయేవారు. ఆమె దగ్గితే చాలు పేపర్లోంచి తల ఎత్తి చూసేవారు.

ఉమ్మడి గోడతో మా పాట్లు ఇంకా ఉన్నాయి. సొంత ఇల్లు కదా అని నాన్న క్యాలెండర్ తగిలించడానికి మేకు కొడితే, అటువైపు మట్టిపెళ్ళ ఊడి మల్లయ్య కంచంలో పడింది. అతను కంచం పట్టుకుని వచ్చి, కోపం లేకుండానే, సారూ గోడల సగం మాది అని చూపించి పోయాడు. తర్వాత మా ఇంట్లో మేకు కొట్టాలంటే ముందు మధ్య తలుపు దగ్గర నిలబడి, నర్సమ్మగారూ అటుపక్క ఏమైనా పెట్టారా అని అడగాల్సి వచ్చేది. వాళ్ళ జొన్నరొట్టెల చప్పుడుకు మేము నిద్రలేచేవాళ్ళం. మా ఇంట్లో ఇంగువ తిరగమోత పెడితే అటునుంచి తుమ్ములు వినపడేవి. నాన్నా అమ్మా పోట్లాడుకుంటే ఆ పూట నర్సమ్మ తలుపు దగ్గరికి కూడా వచ్చేది కాదు. అంటే అంతా విన్నదన్నమాటే. వానాకాలం తడిసిన మట్టిగోడ వాసన, వాళ్ళ బర్రెల పేడ వాసన, మా కాఫీ వాసన అన్నీ ఆ తలుపు దగ్గర కలిసిపోయేవి. నాకు చదువు ఆ గడప మీదే సాగింది, ఎందుకంటే అటు దీపం, ఇటు దీపం, రెండిళ్ళ వెలుగూ అక్కడే పడేది.

కాఫీ దగ్గరే అమ్మకూ అవ్వకూ సంధి మొదలైంది. మొదటిసారి ఏదో మాటవరసకు, కాస్త కాఫీ ఇమ్మంటారా అని అమ్మ అడిగింది. అవ్వ ఒక గుక్క తాగి, మందు లెక్క చేదున్నది అని ముఖం చిట్లించింది, గ్లాసు మాత్రం ఖాళీ చేసింది. మర్నాడు గ్లాసు చేతికి రాకపోతే, నడిపి కోడలా మందేదే అని అడిగింది. అలా రోజూ ఒక గ్లాసు ఆమె వాటా అయింది. విసుక్కుంటూనే కలిపేది అమ్మ, చక్కెర కొంచెం ఎక్కువేసి మరీ కలిపేది. అవ్వ తాగుతూ ఆ ఇంటి సంగతులు చెప్పేది. బావి తవ్విన నాడు నీళ్ళు పడకపోతే ఆమె మామ అన్నం మానేశాడట. కుడి రెక్క దానంతటదే మూసుకోవడం తను వచ్చిన రోజు నుంచీ ఉన్నదేనట, లోపలికొస్తుంటే అది వచ్చి మోచేతికి తగిలిందట. అమ్మ ఏమీ విననట్టు బియ్యం ఏరుకుంటూ ఉండేది. అమ్మకు ఇంకో పట్టుదల కూడా ఉండేది. వాళ్ళందరూ ఆ గడప దాటి మా ఇంట్లోకి వచ్చేవాళ్ళు, నేను రోజూ దాటేదాన్ని, అమ్మ మాత్రం ఒక్కసారి కూడా దాటి అటు అడుగు పెట్టలేదు. ఏదైనా ఇవ్వాలంటే ఇవతల నిలబడి చెయ్యి చాచేది. మన హద్దులో మనం ఉండాలి అనేది.

ఆ చలికాలం అవ్వ రావడం మానేసింది. మొదటిరోజు అమ్మ కాఫీ కలిపి, చూసి చూసి, చల్లారిపోతే పారబోసింది. మర్నాడూ కలిపింది. నన్ను పంపి కనుక్కుంది, జ్వరమని చెప్పాను. ఆ తర్వాతి పొద్దున కాఫీ గ్లాసు పట్టుకుని మధ్య తలుపు దగ్గర చాలాసేపు నిలబడింది. నేను తీసుకెళ్తానమ్మా అన్నాను. నువ్వు ఒలకబోస్తావు అంది. కుడికాలు ఎత్తి గడప దాటింది. అటుపక్క నర్సమ్మ రొట్టె చేస్తున్నదల్లా చెయ్యి ఆపేసి చూస్తూ ఉండిపోయింది. మంచంలో అవ్వ ఎంతగానో చిక్కిపోయింది. అమ్మ ఆమె తల ఎత్తి పట్టుకుని, గుక్క గుక్కగా తాగించింది. అవ్వ అమ్మ చేతిని తడిమి, గాజులు తడిమి, నవ్వింది. దర్వాజ మాట ఆ రోజు ఆమె అనలేదు. ఇంటికొచ్చాక అమ్మ మధ్యాహ్నం దాకా ముందుగదిలో కూర్చుంది.

అవ్వ పోయిన పొద్దున సంగతి గోడే చెప్పింది. నర్సమ్మ ఏడుపు మా గదిలోనే ఏడ్చినట్టు వినబడింది. కాసేపటికి ఊరంతా వాకిట్లో చేరింది. డప్పులు వచ్చాయి. షాద్‌నగర్ నుంచి నడిపి కొడుకు వచ్చి, తను పుట్టిన ఇంటి ముందు, మా దర్వాజకు ఎదురుగా వీధిలో నిలబడిపోయాడు. అమ్మేసిన ఇల్లు, లోపలికి ఎలా వస్తాడు. మల్లయ్య తన వాటా వైపున్న చిన్న తలుపు ముందు పాడె కట్టిస్తున్నాడు. అటు చూస్తే అది పొట్టి తలుపు, మనిషి వంగి దూరాలి. ఎవరూ మమ్మల్ని ఏమీ అడగలేదు. వచ్చిన ఆడవాళ్ళు మాత్రం మా దర్వాజ వంక ఒకసారి చూసి తల దించుకుని అటు వెళ్తున్నారు. రోజూ అవ్వ చెప్పుకునే మాట ఊళ్ళో తెలియనివాళ్ళు లేరు.

నాన్న లోపల గొళ్ళెం పెట్టుకుని కూర్చున్నారు. నక్షత్రమేమిటో తెలియదు, కొని ఏడాది తిరగలేదు, తెనాలి వైపు ఊళ్ళో ఉన్న తన తల్లికి తెలిస్తే ఊరుకుంటుందా అని గొంతు తగ్గించి అమ్మకు చెబుతూనే ఉన్నారు. ఆయన భయమూ అబద్ధం కాదు. జీవితం మొత్తంలో ఆయన కొనుక్కున్నది ఆ ఒక్కటే. అమ్మ పొయ్యి ఆర్పింది. మంచినీళ్ళ బిందె పెరట్లో పెట్టి వచ్చింది. దేవుడి పటాల మీద ఉతికిన చీర కప్పింది. పరుపులు చుట్టి మూలకు నెట్టింది. నన్ను గోడ పక్కన నిలబెట్టింది. ఈ పనులన్నీ అయ్యాక మధ్య తలుపు బార్లా తీసి, గడప దాటి, నర్సమ్మ దగ్గరికి వెళ్ళి కూర్చుంది.

"అక్కా, మామ్మగారిని మా ఇంట్లోంచి తీసుకెళ్ళండి" అంది.

నర్సమ్మ ఏడుపు ఆపి తల అడ్డంగా ఊపింది. "వద్దు చెల్లె. కొనుక్కున్న ఇల్లు. మీ సారుకు మంచిగనిపియ్యది."

"ఇల్లు ఆయన కొన్నారక్కా. నడిపి కోడల్ని నేనే కదా."

అంత గొంతుతో అమ్మ మాట్లాడటం నేను అంతకుముందు ఎప్పుడూ వినలేదు. గోడకు ఇటువైపు నాన్నకు కూడా వినబడే ఉంటుంది, ఆ గోడ అలాంటిది. ఆయన లేచారు. గదిలో అడ్డంగా ఉన్న మంచం తనే ఎత్తి నిలబెట్టారు. గొళ్ళెం తీసి దర్వాజ రెండు రెక్కలూ తెరిచారు. అవ్వను మధ్య గడప మీదుగా మా వంటింట్లోకి, అక్కడి నుంచి మా పొయ్యి పక్కగా, ముందుగదిలోకి తెచ్చారు. రోజూ చేత్తో తడుముకుంటూ వచ్చిన దారే అది. నడిపి కొడుకు వీధిలోంచి పరుగున వచ్చి భుజం పెట్టాడు. అడ్డం పెట్టే రాయి హడావిడిలో ఎటు పోయిందో కనిపించలేదు. కుడి రెక్క మూసుకుపోబోతే నాన్న వెళ్ళి దాన్ని వీపుతో ఒత్తి పట్టుకుని, అందరూ దాటేదాకా అక్కడే నిలబడ్డారు. ఆయన కళ్ళ వెంట నీళ్ళు కారుతున్నాయి. ఆయన ఏడవడం నేను చూడటం అదే మొదలు.

తర్వాత అమ్మా నర్సమ్మా కలిసి ఇల్లంతా పసుపు నీళ్ళతో కడిగారు. నక్షత్రం సంగతి నాన్న సిటీలో ఎవరినైనా వాకబు చేశారో లేదో నాకు ఇప్పటికీ తెలియదు. మేము ఇల్లు మాత్రం మూయలేదు, ఎక్కడికీ పోలేదు. నా చదువు, నాన్న రిటైర్‌మెంటు, నా పెళ్ళి అన్నీ ఆ ఇంట్లోనే అయ్యాయి. అప్పగింతల రోజు నేనూ ఆ దర్వాజలోంచే బయటికి వచ్చాను. మధ్య తలుపు ఏనాడూ మూసింది లేదు. నాన్న ఆ ఇంట్లోనే పోయారు. నర్సమ్మక్క అమ్మ పక్కనే పడుకుని రోజుల తరబడి కనిపెట్టుకుని ఉంది. ఆ తర్వాత రోడ్డు వెడల్పు చేశారు, వరస మొత్తం పోయింది. మల్లయ్య కుటుంబం కొడుకు దగ్గరికి షాద్‌నగర్ వెళ్ళింది, అమ్మ మా దగ్గరికి వచ్చింది. ఆ దర్వాజ ఎవరు కొన్నారో, ఏ ఫామ్‌హౌస్‌కో, ఏ హోటల్‌కో పెట్టుకున్నారో కనుక్కునే ఓపిక మాకప్పుడు లేకపోయింది. ఇప్పుడు ఆ చోటు మీదుగా ఎయిర్‌పోర్ట్‌కు వెళ్ళే క్యాబులు పోతుంటాయి. నేనూ చాలాసార్లు పోయాను. ఇల్లు ఎక్కడుండేదో సరిగ్గా చూపించమంటే నావల్ల కాదు.

బడంగ్‌పేట్‌లో మాది మూడో అంతస్తు. మంచి ఫ్లాటే, పేరు పెట్టడానికి లేదు. అమ్మ శుక్రవారం శుక్రవారం గ్రానైట్ గడపకు పసుపు రాసేది. నడవా ఊడ్చే మనిషి మధ్యాహ్నానికల్లా తడిగుడ్డతో తుడిచేసేది. అమ్మ మళ్ళీ శుక్రవారం రాసేది. ఎదురు ఫ్లాట్‌లో ఉన్న దంపతులు చాలా మర్యాదస్తులు. ఇన్నేళ్ళలో లిఫ్టులో నవ్వడం తప్ప మేము ఒకరి ఇంట్లోకి ఒకరం వెళ్ళింది లేదు. వాళ్ళను తప్పు పట్టను. నేనూ వెళ్ళలేదు. పొద్దున్నే ఎవరైనా గోడ పట్టుకుని మా ఇంట్లోకి నడిచొస్తే పోలీసులకు ఫోన్ చేస్తానేమో.

నిరుడు అమ్మ పోయింది. ఆసుపత్రిలో పోయింది. ఇంటికి తీసుకొస్తున్నామని వాచ్‌మన్‌కు ఫోన్ చేస్తే, మేము వచ్చేసరికి అసోసియేషన్ సెక్రటరీ కిందే నిలబడి ఉన్నాడు. చేతులు కట్టుకుని ఎంతో వినయంగా చెప్పాడు. లిఫ్టులో పట్టదు, మెట్లు ఇరుకు, పిల్లలు భయపడతారు, అందరికీ ఇదే పద్ధతి మేడమ్ అని. అతను చెప్పింది నిజమే, ఆ లిఫ్టులో పట్టదు. పార్కింగ్‌లో మా కారు తీసేసి, ఆ చోట ఫ్రీజర్ బాక్సు పెట్టారు. రెండు కార్ల మధ్య అమ్మ. పక్క కారాయన ఆఫీసుకు పోవాలి, ఏమీ అనుకోవద్దని నాలుగుసార్లు చెప్పి, జాగ్రత్తగా వెనక్కు తీసుకుని వెళ్ళాడు. బంధువులు వచ్చి ఆ పెట్రోలు వాసనలో నిలబడి, చూసి, వాచీలు చూసుకుని వెళ్ళారు. షాద్‌నగర్ నుంచి నర్సమ్మక్కను ఆమె మనవడు కారులో తీసుకొచ్చాడు. ఆమెకు నడుము ఒంగిపోయింది. బాక్సు అద్దం మీద చెయ్యి వేసి, చుట్టూ చూసి, "ఇల్లేది బిడ్డా?" అని అడిగింది. నేను పైకి చూపించాను. ఆమె తలెత్తి మూడో అంతస్తు దాకా చూసింది. అమ్మ మా గడప దాటకుండానే వెళ్ళిపోయింది. తనకేమీ కాని అవ్వకు తన దర్వాజ రెండు రెక్కలూ తెరిపించిన మనిషి గేటు పక్కన వాచ్‌మన్ కుర్చీ జరిపితే ఆ సందులోంచి వెళ్ళింది. నాకు కోపం వచ్చింది, ఎవరి మీద చూపించాలో తెలియలేదు. ఇప్పటికీ తెలియదు.

అప్పటి నుంచి ఇళ్ళు చూస్తూనే ఉన్నాం. మావారు మొదట్లో గొణిగారు, తర్వాత అలిసిపోయి గొణగడం మానేశారు. చూసిన ప్రతిచోటా ఏజెంట్లు తూర్పు ముఖమని, ఎయిర్‌పోర్ట్ దగ్గరని, ఇవాళ కొంటే రేపటికి ధర పెరుగుతుందని చెబుతారు. రేపటి ధర మాకెందుకు. ఈ వరస ఇంటి ఏజెంటు కూడా వంటింటి బండ, నీళ్ళ ట్యాంకు, మేడ మీద ఎండ అన్నీ చూపించాడు. నేను కిందికి దిగి వచ్చి వీధి తలుపు ముందు నిలబడ్డాను. ఒక రెక్క తెరిచి ఉంది. రెండోది పైనా కిందా బోల్టు బిగించి ఉంది.

"రెండు రెక్కలూ తెరుచుకుంటాయా?" అని అడిగాను.

"తెరుచుకుంటయ్ మేడమ్. అవసరమున్నప్పుడే తీస్తరు. సోఫా సెట్ గురించా? డబల్ కాట్ గూడ ఫ్రీగ పోతది, పరేషాన్ కాకున్రి."

ఒకసారి తెరవమన్నాను. రంగు పట్టుకుపోయి కింది బోల్టు రాలేదు. అతను వంగి, కాలితో తన్ని, మొత్తానికి తీశాడు. రెండు రెక్కలూ వెనక్కు వెళ్ళి గోడకు ఆనాయి. ఏదీ దానంతటదే మూసుకోలేదు. ముందుగదిలోంచి వీధి దాకా అడ్డం లేకుండా కనిపించింది. మావారు వెళ్ళి గడప మీద నిలబడి, రెండు మోచేతులూ పక్కలకు చాచారు. అటు ఇటు ఇంకా జాగా మిగిలింది. ఆయన నా వైపు చూడకుండా, వీధిలోకి చూస్తూ అన్నారు.

"నలుగురు పడతారు. తీసుకుందాం."